రెండో కుర్చీ

ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే గుణం నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. నేను చూసిన పాముల్లో ఆరడుగులకు తక్కువది ఒక్కటీ లేదు. నేనెక్కిన బస్సుల్లో బ్రేకులున్నది ఒక్కటీ లేదు. ఉద్యోగమా అంటే, కాలేజీలో లెక్కలు చెప్పడం. నేనేం చెప్పినా మా ఆవిడ మనసులో మూడో వంతుకు దించుకుని వింటుంది. చదివేవాళ్లు కూడా ఆ పద్ధతే పాటిస్తే ఎవరికీ నష్టం ఉండదు.

పోయిన వారం పుంగనూరు నుంచి మస్తాన్ ఫోన్ చేశాడు. మదనపల్లెలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు స్లాబు కింద పలకలు పరిచి, వాటికి ఆసరాగా కట్టెలు నిలబెట్టిన సెంట్రింగ్ మనిషి అతను.

"సారూ, మేస్త్రీ పోయినాడు," అన్నాడు.

"యాడికి?" అన్నాను.

అది నోటికి అలవాటైన ప్రశ్న. ఇల్లు కట్టినంత కాలం ఆయన కోసం ఎవరు ఫోన్ చేసినా, ఎవరికి నేను చేసినా, అడిగింది అదొక్కటే. పుంగనూరు పోయుంటే మధ్యాహ్నానికి వస్తాడు. కుప్పం పోయుంటే ఆ రోజుకు పని లేనట్టే. అవతల మస్తాన్ ముక్కు చీదుకున్నాడు. అప్పుడు అర్థమైంది, ఆయన ఎక్కడికి పోయాడో.

"పదకొండో దినానికి ఫ్లెక్సీ ఏయిస్తాండాం సారూ," అన్నాడు మళ్లీ. "ఇంట్లో ఆధార్ కార్డు ఫోటో తప్ప ఇంగొకటి లేదు. దాంట్లో దొంగ మాదిరి ఉండాడు. మీరు ఇల్లు కట్టేటప్పుడు దినామూ ఫోన్లో ఫోటోలు తీస్తాంటిరి గదా. మంచిదొకటి పంపియ్యండి."

ఆ ఇంటి ఫోటోలు నా దగ్గర నాలుగు వేలున్నాయి. నాలుగు వందలనుకోండి. ఒక పూటంతా కూర్చుని అన్నీ చూశాను. టేపు పట్టుకున్న ఒక చెయ్యి ఉంది. చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న ఒక తల వెనక భాగం ఉంది. పునాది రాళ్ల మీద పడిన ఒక నీడ, కిటికీ అంచున ఒక తువ్వాలు కొస, నీళ్ల డ్రమ్ము వెనక సగం మోచెయ్యి. ముఖం ఒక్కదాంట్లోనూ లేదు. నేను ఫోన్ ఎత్తగానే ఆయన పక్కకు తప్పుకునేవాడు. "గోడను తియ్యండి సారూ. నన్ను తీసి యాడ తగిలించుకుంటారు," అనేవాడు. ఇప్పుడు తగిలించుకోవాల్సి వస్తే లేదు.

మస్తాన్‌కు అదే చెప్పాను. "రాసేవాళ్లు గదా మీరు, రాయండి అయితే," అన్నాడు, ఫ్లెక్సీ మీద నాలుగు వరుసలు రాయమని. నాలుగు వరుసలు రాయడం నాకు చేతకాదు. అందుకని ఇది.

ఆయన పేరు ఇక్కడ రాయను. అది నా గొప్పతనం కాదు, ఆయన పట్టింపు. ఇల్లు పూర్తయ్యాక గేటు పక్కన నల్లరాతి పలక మీద మా పేర్లు చెక్కించి, కింద కట్టినవారు ఫలానా అని వేయిద్దామన్నాను. వద్దన్నాడు. "ఇంటి మీద కట్టినోడి పేరుంటే, కాపురముండేవాడు బాడుగకు వచ్చినట్టు ఉంటాది సారూ," అన్నాడు. మేస్త్రీ అని పిలిస్తే పలికేవాడు. కంట్రాక్టర్ గారూ అంటే, తన వెనక ఇంకెవరో నిలబడ్డారనుకుని తిరిగి చూసేవాడు.

కొలతల్లో ఆయనకు అంగుళం అంటే చాలా పెద్దది. అంగుళంలో ఎనిమిదో వంతును మేస్త్రీలు నూలు అంటారు. ఆయన లోకాన్నంతా ఆ నూలుతోనే కొలిచేవాడు. గోడ రెండు నూళ్లు వాలితే కూలదోసేవాడు, అది అందరికీ తెలిసిందే. నాకు జ్వరం వస్తే చూడ్డానికొచ్చి, నుదురు మీద చెయ్యి పెట్టి, "నిన్నటికీ ఇయ్యాలకీ మూడు నూళ్లు దిగినాది," అన్నాడు. మా వీధిలో కొత్తగా పెళ్లయిన జంట స్కూటర్ మీద పోతుంటే చూసి, "ఇంగా ఒక నూలు ఎడం ఉండాది, సర్దుకుంటాది," అన్నాడు. మా పెళ్లయి ఇరవై ఏళ్లయింది కాబట్టి మా ఎడం ఎన్ని నూళ్లో చెప్పమని అడిగాను. ఆయన మా ఆవిడ వైపు చూసి, చెవి మీద పెన్సిల్ సర్దుకుని, ఇసుక జల్లించే చోటికి వెళ్లిపోయాడు.

ఫోన్ చేస్తే ఆయన చెప్పే మాట ఒక్కటే: "ఈడనే ఉండా సారూ." ఆ 'ఈడ' ఎంత పొడుగో నాకు పని మొదలైన వారానికి తెలిసింది. మదనపల్లె మా వీధి మలుపు దగ్గర మొదలై, పుంగనూరు మీదుగా, కుప్పం రైల్వే స్టేషన్ దాకా ఉంటుంది. ఒకసారి ఆయన "ఈడనే ఉండా, టీ తాగతాండా" అంటుంటే వెనక మైకులో రైలు ఆలస్యమైన సంగతి వరసగా మూడు భాషల్లో వినిపించింది. "మేస్త్రీ, మా వీధిలోకి రైలెప్పుడొచ్చింది," అన్నాను. "కుప్పంలో ఉండే ఈడ సారూ," అన్నాడు. అబద్ధమాడేవాడు కాదు. ఆయన లెక్కలో తాను ఎక్కడుంటే అదే ఈడ.

గోడలకు పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టే బాధ్యత నాది. నేను ఆ పని చెయ్యలేదని చెప్పడం బాగుండదు. కొన్ని రోజులు నీళ్ల బదులు నమ్మకంతో సరిపెట్టాను. ఆయన వచ్చి, "నీళ్లు పెట్నారా," అని అడిగేవాడు. "ధారాళంగా," అనేవాణ్ణి. ఆయన వాదించేవాడు కాదు. తువ్వాలు తీసి భుజాన వేసుకుని, చెంప గోడకు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. తర్వాత, "ఇది వేరే మాట చెప్తాండాది సారూ," అనేవాడు. నా జీవితంలో నన్ను గోడ చేత పట్టించినవాడు ఆయనొక్కడే.

వంటింట్లో పొయ్యి తిన్నె కట్టే రోజు సంగతి కూడా చెప్పాలి. పుస్తకాల్లో ఉన్న ఎత్తు చెప్పాను నేను. ఆయన నా మాట వినిపించుకోకుండా మా ఆవిడను పిలిచాడు.

"అమ్మా, మీ ఇంట్లో రాగి సంగటి కెలికేది ఎవురు?"

"నేనే మేస్త్రీ. ఈయన కెలికితే తినేదెవురు?"

"అయితే కట్టె పట్టుకొని కెలికినట్టు నిలబడు."

ఆవిడ నవ్వి, లేని కుండ ముందు, లేని కట్టె పట్టుకుని నిలబడింది. ఆయన రెండడుగుల దూరంలో కూర్చుని, ఆవిడ మోచేతి ఎత్తును కళ్లతోనే కొలిచి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. పుస్తకం ఎత్తు కంటే మూడంగుళాలు కింద. "అన్నం వండే ఇంటికి ఆ కొలత. సంగటి కెలికే ఇంటికి భుజం కిందికి దిగల్ల," అన్నాడు. ఆ తిన్నె దగ్గర మా ఆవిడకు ఈ రోజుకూ భుజం నొప్పి రాలేదు. మా బంధువులు వచ్చి తిన్నె పొట్టిగా ఉందంటారు. వాళ్లందరిళ్లలో కుక్కర్లే.

ఇన్ని చెప్పి ఒక కుర్చీ సంగతి చెప్పకపోతే ఆయన సగం కూడా కనిపించడు. ఆయన మోపెడ్ వెనక ఎప్పుడూ ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తలకిందులుగా కట్టి ఉండేది. దూరం నుంచి చూస్తే నాలుగు కొమ్ముల జంతువు ఒకటి ఆయన్ను తరుముకొస్తున్నట్టుండేది. ఒక కాలు విరిగితే ఇనప తీగతో చుట్టాడు. పనిచోటికి రాగానే దాన్ని విప్పి, గోడకు కొట్టిన మేకుకు తగిలించేవాడు. దాంట్లో ఆయన కూర్చోగా నేను చూడలేదు. సిమెంటు బస్తా మీద కూర్చునేవాడు, టమాటా పెట్టె బోర్లించి కూర్చునేవాడు, ఏమీ లేకపోతే మడమల మీద కూర్చునేవాడు. వాయల్పాడు నుంచి మా మామ వచ్చి, కుర్చీ దించి కూర్చోబోతే, ఆయన పరుగున వచ్చాడు.

"పెద్దాయనా, దాంట్లో కూసోగాకండి."

"యాలప్పా? కుర్చీ అంటే కూసునేదానికే గదా?"

"దానికి వేరే పని ఉండాది."

దీని మీద నేను వీధిలో ఐదు కథలు ప్రచారం చేశాను. అది ఆయన మొక్కు అని ఒకరికి, పోగొట్టుకున్న సర్పంచి పదవి అని ఇంకొకరికి చెప్పాను. మూడో కథ ఆయన చెవిన కూడా పడింది. విని, కుర్చీ కాలికి తీగ ఇంకో చుట్టు చుట్టాడు.

స్లాబు పోయాల్సిన వారం అకాలంగా వాన పట్టుకుంది. పది రోజులు వెనక్కి జరిగింది. ముహూర్తం మాత్రం జరగలేదు. మూఢం వచ్చేలోపల ఒకే ఒక మంచిరోజు ఉందని మా మామ పంచాంగం చూసి పెట్టాడు. ఇల్లు పూర్తి కాకపోయినా ఆ రోజు పాలు పొంగించేస్తే, మిగతా పని నింపాదిగా చేసుకోవచ్చని ఈ పక్క అందరూ చేసే పనే. కార్డులు పంచేశాం. తీరా లెక్క చూస్తే ఆ రోజు స్లాబు పోసిన పదమూడో రోజు అవుతుంది.

"ఇరవై ఒక్క దినాలు," అన్నాడు ఆయన. "అంతకుముందు కింద ఒక కట్టె కూడా తీసేది లేదు."

నిజానికి మా హాలు అప్పుడు అడవిలా ఉండేది. అడుగుకో కట్టె. మనిషి పక్కకు తిరిగి నడవాలి. హోమగుండం ఎక్కడ పెట్టాలి, మూడు వందల మంది ఎక్కడ నిలబడాలి అని అడిగాను.

"కట్టెల నడుమనే సారూ. పాలు పొంగేదానికి కట్టెలు అడ్డమా?"

"ఆవు యాడ తిరగతాది మేస్త్రీ? ఆవూ దూడా ఇల్లంతా తిరగొద్దా?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. హాలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా కట్టెల మధ్య నడిచి, చేతులతో వెడల్పు చూసుకుని వచ్చాడు. "పుంగనూరు ఆవును తోలుకొస్తా. మా ఊరి ఆవు పొట్టిది, నడుము ఎత్తు కూడా రాదు. దీంట్లో సుఖంగా తిరగతాది," అన్నాడు.

నాకు మాత్రం పొట్టి ఆవు నచ్చలేదు. బంధువులు నవ్వుతారనిపించింది. ఆయన కుప్పంలో ఇంకో పని మీద ఉన్న రోజు చూసి, పన్నెండో రోజు పొద్దున్నే మస్తాన్‌కు ఫోన్ చేశాను. "మేస్త్రీ సరేనన్నాడు, వచ్చి విప్పేయ్," అన్నాను. నేను చెప్పిన అబద్ధాల్లో అది చాలా చిన్నది. ఐదు మాటలు కూడా లేదు.

మస్తాన్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. లోపల చుట్టూ చూసి, మేకు వైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది.

"కుర్చీ యాడ సారూ?"

"ఏం కుర్చీ? కూసోవల్లనా నువ్వు? బస్తా ఉంది చూడు."

"నాకు కాదు. ఆయప్ప రాలేదా? ఆయప్ప కూసోకుండా కట్టె తీసేది ఎట్ల?"

నేను వెటకారం చేయబోయాను. మస్తాన్ ముఖం చూసి ఆగాను. అతను అప్పటికే ఫోన్ తీసి మేస్త్రీకి కలిపాడు. రెండు మాటలు విని, పెట్టేశాడు. నా వైపు చూడకుండా, "వస్తాండాడు," అన్నాడు. "సారూ, నీకు తెలీదు. తెలిసుంటే నన్ను పిలుస్తాండ్లేదు."

తర్వాత గడప మీద కూర్చుని చెప్పాడు. శానా కాలం కిందట, కుప్పంలో. మస్తాన్ వాళ్లన్న సెంట్రింగ్ పని చేసేవాడు. ఇంటాయన ఇంట్లో పెళ్లి పెట్టుకుని తొందరపెట్టాడు. మేస్త్రీకి అప్పుడు వయసు, సరే విప్పమన్నాడు. తొమ్మిదో రోజు.

"ఆయప్ప బయట నిలబడి చెప్తాండాడు, మా అన్న లోపల తీస్తాండాడు. ముందరి స్లాబు కిందికి వచ్చేసినాది."

"అన్న?"

"లోపలుండాడని చెప్తి గదా సారూ."

బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. మస్తాన్ మళ్లీ అందుకున్నాడు.

"రెండేండ్లకు మా ఇంటికొచ్చినాడు. నన్ను పనికి పిలుచుకొని పోతానన్నాడు. మా అమ్మ లోపలికి పోయి, తను కూసునే ఎర్ర కుర్చీ తెచ్చి ఆయప్ప ముందర పెట్టినాది. ఏమనింది తెలుసునా? పిలుచుకొని పో. ఈడు కింద నిలబడి కట్టె తీసేటప్పుడల్లా నువ్వు కూడా కిందనే కూసోవల్ల. ఈ కుర్చీలోనే కూసోవల్ల. అంతే అనింది. ఆ దినం నుంచి కూసుంటాండాడు."

మూడు గంటల తర్వాత, ఎండ నిప్పులు చెరుగుతుండగా మోపెడ్ వచ్చింది. అప్పటికి మా ఆవిడ పనివాళ్లకు అన్నం క్యారియర్ తెచ్చి వడ్డిస్తోంది. ఆయన నన్ను తిడతాడని, తిట్టాలని, నేను మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. తిట్టలేదు. కుర్చీ తాళ్లు విప్పి, లోపలికి తెచ్చి, హాలు నడిమధ్యన, కట్టెలు కొంచెం ఎడంగా ఉన్నచోట వేశాడు. తువ్వాలుతో దుమ్ము తుడిచాడు.

"సారూ, ఇల్లు మీది. విప్పమంటే విప్పాల్సిందే," అన్నాడు. "ఇంగొక కుర్చీ తెప్పించండి."

పక్కింటి నుంచి తెప్పించాను. ఆయన దాన్ని తన కుర్చీ పక్కన వేశాడు.

"అదెవరికి?"

"మీకే. మస్తాన్ లోపలుంటాడు. నేనుంటా. మీరుంటారు. ముగ్గురమూ సూద్దాం."

ఆ మాటలో కోపం ఒక నూలు కూడా లేదు. ఆయన తన కుర్చీలో కూర్చున్నాడు. అదే మొదటిసారి నేను ఆయన్ను కుర్చీలో చూడటం. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా, పైకి చూడకుండా కూర్చున్నాడు. మస్తాన్ నడిమి కట్టె దగ్గరికి వెళ్లి సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

నేను వెళ్లి రెండో కుర్చీలో కూర్చున్నాను. కూర్చుని పైకి చూశాను. ఐదంగుళాల స్లాబు ఐదడుగుల మందంగా కనిపించింది. దాని మీద మదనపల్లె మొత్తం, టమాటా లారీలతో సహా, నిలబడి ఉన్నట్టనిపించింది. పలకల సందుల్లోంచి ఒక సిమెంటు నీటి చారిక కారి ఎండిపోయి ఉంది. ఆయన శ్వాస వినిపిస్తోంది. కార్డుల మీద బంగారు అక్షరాలు గుర్తొచ్చాయి, మస్తాన్ వాళ్లమ్మ గుర్తొచ్చింది. ఆవిణ్ణి నేను చూడనైనా లేదు.

"వద్దులే మస్తాన్. ఉండనీ," అన్నాను.

మస్తాన్ సుత్తి కింద పెట్టాడు. నేను వద్దనకపోతే ఆయన నిజంగా విప్పించేవాడా, నాకు ఈ రోజుకూ తెలియదు. విప్పించేవాడు కాదనే అనుకుంటాను. కానీ ఆ ముఖంలో అది ఎక్కడా రాసి లేదు.

మర్నాడు పాలు పొంగించాం, కట్టెల నడుమనే. ఆయన మాట ప్రకారం పుంగనూరు నుంచి ఆవూ దూడా వచ్చాయి. ఆవు మేకకంటే ఒక నూలు ఎత్తు ఉంది. కట్టెల మధ్య అది ఊరేగింపులా తిరిగింది. పట్టుచీరల బంధువులు ఒక్కొక్కరే పక్కకు తిరిగి దారిచ్చారు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి వెడల్పు లేదు. మా మామ మాత్రం కట్టెకు భుజం తగిలి విసుక్కుని, "ఏమప్పా, ఒక్క దినానికి ఇవి తియ్యలేకపోయినారా?" అన్నాడు.

ఆయన చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. "నేను తీద్దామంటి పెద్దాయనా. మీ అల్లుడే ఒప్పుకోలే. నా పక్కన కుర్చీ ఏసుకొని కూసున్నాడు. పనోళ్ల పానం ముఖ్యం, వద్దులే అన్నాడు. అట్లాంటి యజమాని దొరకడు." మా మామ నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు.

ఇరవై ఒకటో రోజు కట్టెలు తీశారు. మస్తాన్ నడిమి నుంచి గోడల వైపు ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోయాడు. మేస్త్రీ ఎర్ర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక్కో కట్టె పడినప్పుడు పైనుంచి పొడి రాలి ఆయన జుట్టు తెల్లబడుతోంది. చివరి కట్టె పడ్డాక మస్తాన్ వాళ్లమ్మకు ఫోన్ కలిపి ఆయనకిచ్చాడు. "అమ్మా, అయిపాయె. ఇద్దరమూ ఈడనే ఉండాం," అన్నాడు ఆయన. ఫోన్ తిరిగిచ్చి, లేచి, తలెత్తి అప్పుడు చూశాడు స్లాబును. ఎక్కడా గీత లేదు. చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ మోపెడ్‌కు కట్టుకుని కుప్పం వెళ్లిపోయాడు.

ఆయన చనిపోయింది మామూలుగానే అని మస్తాన్ చెప్పాడు. ఇంట్లో, మంచం మీద, జ్వరంతో. పై కప్పు ఆయన కట్టిందే.

ఇందులో నేను పెంచి రాసినవి చాలానే ఉన్నాయి. మూడు వందల మంది బంధువులు లేరు, ఎనభై మంది ఉంటారు. ఆవు మేకంత పొట్టిది కాదు. జ్వరం మూడు నూళ్లు దిగిందన్నాడో రెండో గుర్తులేదు. పెంచడం నాకు తప్పనిపించదు. కల్పించింది మాత్రం ఒక్కటే ఉంది.

రెండో కుర్చీలో నేను కూర్చోలేదు.

ఆయన "మీకే" అనగానే, సిమెంటు బస్తాలు తడుస్తాయేమో చూసొస్తానని చెప్పి బయటికి నడిచాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. దారిలో ఒక చెప్పు కట్టెల మధ్య ఇరుక్కుంటే, రెండోదాన్ని కూడా అక్కడే వదిలేసి, వీధిలో ఇసుక కుప్ప దగ్గరిదాకా వెళ్లాను. అక్కడి నుంచి వాకిట్లోంచి లోపలికి కనిపిస్తుంది. మా ఆవిడ అన్నం గరిటె క్యారియర్ మీద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. ఆవిడ పైకి చూడలేదు. మస్తాన్‌నే చూసింది. "వద్దులే మస్తాన్. ఉండనీ," అన్నది ఆవిడే. స్లాబు ఐదడుగుల మందంగా కనిపించిందన్నది నేను ఇసుక దగ్గర నిలబడి అనుకున్న మాట.

మర్నాడు ఆయన మా మామకు చెప్పిన కథ ఆయన కట్టినదే. అది చెబుతున్నప్పుడు మా ఆవిడ పక్కనే పాలు గిన్నెల్లోకి వంచుతోంది. విన్నది. చెయ్యి ఆపలేదు. అప్పటినుంచి ఆ కథనే నేను స్టాఫ్ రూములో చెబుతూ వచ్చాను. ఈ కాగితం మీద కూడా దాన్నే మొదట రాసుకున్నాను.

కానీ ఆ పన్నెండో రోజు, పని ఆపేశాక, ఆయన ముందుగా చేసింది ఇది. లోపలి నుంచి నా చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని వీధిలోకి వచ్చాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. వంగి, వాటిని నా కాళ్ల ముందు, కుడిది కుడివైపు, ఎడమది ఎడమవైపు పెట్టాడు. నా ముఖం వైపు చూడలేదు.

"ఏసుకోండి సారూ," అన్నాడు. "ఇసుక కాలతాంటాది."